నడుములోతు నీళ్ళు

గెస్ట్‌హౌస్, బట్టలుతికే గది
ఆదివారం

అక్కకు,

నేను క్షేమం. నువ్వూ బావగారూ పిల్లలూ అత్తయ్యా అందరూ క్షేమమని తలుస్తాను.

విడాకుల కాగితం చేతికొచ్చిన రోజు నీకు చెప్పకుండానే బయల్దేరాను. చెబితే గుమ్మం దాటనిచ్చేదానివి కాదు. ఇప్పుడు సముద్రం ఒడ్డున ఒక గెస్ట్‌హౌస్‌లో ఉంటున్నాను. దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మడతపెట్టడం నా పని. ఎంత దులిపినా ఇసక పోదు. మిషన్ల వెనకే నాకొక గది ఇచ్చారు. కొండరాళ్ళ చాటున ఫోను సిగ్నలు అందదు, అందుకే ఈ ఉత్తరం. ఎండ బాగా కాస్తోంది.

ఇక్కడి సముద్రం మనం అనుకునేలాంటిది కాదు. రెండు పక్కలా రాళ్ళు, ఎదురుగా నీళ్ళలో అడ్డంగా పగడపు దిబ్బ. కెరటాలన్నీ ఆ దిబ్బ దగ్గరే విరిగిపోతాయి. లోపలి నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. అందుకని ఈత అంతగా రానివాళ్ళు కూడా కళ్ళకి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని, బోర్లా తేలుతూ చేపల్ని చూస్తారు. ఎవరో ఇచ్చి వెళ్ళిన మాస్కు ఒకటి నా దగ్గరుంది. కానీ నా కళ్ళ సంగతి నీకు తెలుసుగా. కళ్ళజోడు తీస్తే రంగులన్నీ అలికేసినట్టు ఉంటుంది. కళ్ళజోడు మీదే మాస్కు పెడితే కాడల పక్కనుంచి నీళ్ళు కారుతున్నాయి.

నువ్వు పనిచేసే కళ్ళద్దాల షాపులో మాస్కుకి నా నంబరు అద్దాలు అతికించడం కుదురుతుందా? కుదరకపోతే పరవాలేదు.

ఉంటాను.


ఇల్లు
గురువారం

నీ ఉత్తరం అందింది. ముందు అత్తయ్య చేతిలో పడింది. విప్పి చదివాకే నాకిచ్చింది. ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు.

వెళ్ళినదానివి వెళ్ళావు. చేరానని ఒక ముక్క రాయడానికి ఇన్ని నెలలు పట్టిందా? నువ్వు ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నీ జ్వరాలకీ నీ ఏడుపులకీ నేనే. మన మొగుళ్ళు అన్నదమ్ములు కాబట్టి మనం తోడికోడళ్ళం అయ్యాం. మీ ఆయనతో తెగిపోతే నాతోనూ తెగిపోయిందనుకున్నావు కాబోలు. ఇప్పుడు అద్దాలు కావాల్సి వస్తే గుర్తొచ్చాను.

అతికించడం కుదురుతుంది. మాస్కు పంపు. ఇంటికి కాదు, షాపుకి. ఉత్తరాలు కూడా.


గెస్ట్‌హౌస్, బట్టలుతికే గది
మంగళవారం

అక్కా,

మాస్కు ఈ పార్సిల్లో ఉంది. పట్టీ ఒక పక్క కాస్త చీలింది, నవ్వకు.

నువ్వు రాసిందంతా రైటే. నన్ను తిట్టే మనిషి లేక చాలా రోజులైంది. ఇక్కడ అందరూ మర్యాదగానే మాట్లాడతారు. "ఇంకో తువ్వాలు ఇస్తారా", "థాంక్సండీ". కొన్ని రోజులు ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ వినపడవు. సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది.

ఇక్కడికి ఎక్కువగా జంటలే వస్తారు. దుప్పట్లు చూస్తే తెలిసిపోతుంది ఎవరు పోట్లాడుకున్నారో. మంచం ఒక పక్కే నలిగి ఉంటుంది. నా దుప్పటీ ఒక పక్కే నలుగుతుంది, పోట్లాడటానికి ఎవరూ లేకపోయినా.

పొద్దున్నే, అతిథులు లేవకముందు నీళ్ళలో దిగుతున్నాను. వెల్లకిలా తేలడం వచ్చింది. చెవుల్లోకి నీళ్ళు వెళ్ళగానే లోకమంతా మూగబోతుంది. ఆకాశం ఒక్కటే ఉంటుంది. అదీ మసగ్గా.

ఆయన సంగతి నేను అడగను. నువ్వూ రాయకు. అత్తయ్య మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో మాత్రం రాయి.

నీ చెల్లెలు


కళ్ళద్దాల షాపు, వెనక గది
శనివారం మధ్యాహ్నం

ఒసే సోడాబుడ్డీ,

నీ నంబరు నేను మర్చిపోతానా? ఎంత అరగదీసినా అంచులు బిస్కెట్టంత మందం వస్తాయి. మామూలు అద్దంలాగా ముందువైపు ఉబ్బుగా ఉంటే మాస్కుకి అతకదు. ముందు చదునుగా, వెనక గుంటగా ఉండాలి. మొదట చేసినవి చెడగొట్టాను. చివరికి కుదిరాయి. మధ్యలో గాలిబుడగ రాకుండా ఊపిరి బిగబట్టి అతికించాను. సరిగ్గా ఉందో లేదోనని నేనే పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే, కళ్ళు చూపించుకోవడానికి ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. నన్ను చూసి, "తర్వాత వస్తానమ్మా" అని అటునుంచటే వెళ్ళిపోయాడు. మా ఓనరు ఇంకా దెప్పుతూనే ఉన్నాడు.

ఎండలో పడెయ్యకు, జిగురు వదులుతుంది. పెట్టుకునే ముందు లోపల కాస్త ఉమ్ము రాసి కడిగితే ఆవిరి పట్టదట. మాస్కులు అమ్మేవాళ్ళని అడిగి తెలుసుకున్నాను. ఉమ్మని వాళ్ళే చెప్పారు, నా తెలివి కాదు.

అత్తయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం దివ్యంగా ఉంది. ఇంటికి రంగులు వేయిస్తున్నారు. సామానంతా హాల్లో గుట్ట పోశారు, నా దువ్వెన ఎక్కడుందో నాకే తెలీదు. అంతకంటే విశేషాలేమీ లేవు. నువ్వు కూరగాయలు తరిగే కిటికీ దగ్గర ఇప్పుడెవరూ కూర్చోరు. నేను నిలబడే తరుక్కుంటున్నాను.

నీళ్ళలోకి ఒక్కదానివే వెళ్ళకు. ఎవరినైనా తోడు పిలువు.

అక్క


గెస్ట్‌హౌస్, బట్టలుతికే గది
శుక్రవారం

అక్కా,

కనపడింది.

తల నీళ్ళలో పెట్టగానే అడుగున ఇసక రేణువులు విడివిడిగా కనిపించాయి. భయమేసి తల ఎత్తేశాను. ఇన్నాళ్ళూ నా కాళ్ళ కింద ఇంత ఉందా అనిపించింది. మళ్ళీ పెట్టాను. దిబ్బకి ఇవతల పగడాలు గుబురు గుబురుగా ఉన్నాయి. కొన్ని కాలీఫ్లవర్‌లా, కొన్ని జింక కొమ్ముల్లా. చిలకముక్కులాంటి మూతితో ఒక పచ్చ చేప పగడాన్ని కొరుకుతుంటే కటకటమని చప్పుడు, పక్కన కూర్చుని ఎవరో పటికబెల్లం నములుతున్నట్టు. ఇంకో నల్లచేప వేలెడంత లేదు, ఒక రాయిని కాపలా కాస్తోంది. నేను దగ్గరికి పోయేసరికి దూసుకొచ్చి నువ్వు అతికించిన అద్దం మీద టక్కున పొడిచింది. అచ్చం వంటింట్లో అత్తయ్యలా.

నీలం రంగు నక్షత్రచేప ఒకటి రాయిని కావలించుకుని ఉంది. "అదిగో చూడు" అన్నాను. గొట్టంలోంచి "ఊఊ" అని వచ్చింది. ఎవరితో అన్నానో నాకే తెలియదు. తల ఎత్తి చూస్తే ఒడ్డంతా ఖాళీ. నీళ్ళ కింద వినపడేది మన ఊపిరొక్కటే అక్కా. కాసేపటికి అది ఇంకెవరిదో అనిపిస్తుంది. పక్కనే ఎవరో ఉన్నట్టు ధైర్యంగా ఉంటుంది. తీరా గుర్తొస్తుంది, నాదేనని.

నువ్వు రా. వచ్చే నెల రెండో వారం రా. ఆ వారమే రావాలి, తర్వాత గదులు దొరకవు. ఓనరమ్మతో చెప్పి గది కూడా ఉంచమన్నాను. బావగారికి ఏం చెబుతావో నీ ఇష్టం.

నీ సోడాబుడ్డి


కళ్ళద్దాల షాపు
సోమవారం

సోడాబుడ్డీ,

వస్తాను. మీ బావగారు సరేనన్నారు. షాపులో సెలవు కూడా అడిగాను. ఈతకి వేసుకునే బట్టలు కొన్నాను. వేసుకుని చూసుకుంటే గలీబు తొడిగిన పరుపులా ఉన్నాను. నవ్వితే నవ్వు గానీ ఫొటో తీయకు. తలస్నానం చేసేటప్పుడే కళ్ళు గట్టిగా మూసుకునే మనిషిని నేను. నీళ్ళలో నా చెయ్యి వదలకు.

అక్క


గెస్ట్‌హౌస్
ఆదివారం

అక్కా,

పెళ్ళి బాగా జరిగిందా?

నీ కోసం గది వారమంతా ఖాళీగా ఉంచారు. మంచి దుప్పటి ఏరి వేశాను. రోజూ బస్సు వేళకి మెయిన్ రోడ్డు దాకా నడిచాను. బస్సు ఆగేది, ఎవరెవరో దిగేవాళ్ళు. డ్రైవరుకి నా మొహం అలవాటైపోయింది. చివరికి ఆయనే "ఇవాళా లేరమ్మా" అని చెప్పి పోయేవాడు.

నీ మాస్కు అందిన వారంలోనే ఆయన ఆఫీసులో పనిచేసే ఒకావిడ సెలవులకి ఇక్కడికొచ్చింది. నన్ను గుర్తుపట్టి, జాలిపడి, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్న సంగతి తారీఖుతో సహా చెవిన వేసి వెళ్ళింది. ఇంటికి రంగులు ఎందుకు వేయిస్తున్నారో అప్పుడర్థమైంది. అందుకే ఆ వారమే రమ్మన్నాను. నువ్వు ఎటు వస్తావో చూద్దామని. చూశాను.

ఇంటికి పెద్దకోడలివి. నువ్వు లేకుండా ఆ పెళ్ళి జరగదని తెలియనంత చిన్నపిల్లనేం కాదు. రాలేనని ఒక్క మాట రాస్తే సరిపోయేది.

మాస్కు కావాలంటే వెనక్కి పంపిస్తాను.


కళ్ళద్దాల షాపు, వెనక గది
శనివారం

చెల్లెలికి,

తెలిసి కూడా ఆ వారమే రమ్మన్నావా? నేను చెప్పకపోవడం నిన్ను ఏడిపించలేక. నువ్వు చెప్పకపోవడం నన్ను ఏడిపించడానికి. ఇద్దరం ఒకటే సంగతిని చెరో పక్కనుంచీ దాచిపెట్టుకుని చేపల గురించీ బట్టల గురించీ రాసుకున్నాం.

నిజంగానే వద్దామనుకున్నాను. బ్యాగు సర్దుకున్నాను. అత్తయ్య ఆ బ్యాగు చూసింది. పొయ్యి వైపు తిరిగి, "ఇంతమందికీ నేనే వండుకుంటాలే" అంది. బ్యాగుని మంచం కిందకి తోసేశాను. నీకు ఉత్తరం రాద్దామని కూర్చుంటే 'రాలేను' అన్న మాట తర్వాత ఏం రాయాలో తెలియలేదు.

పెళ్ళిలో అందరికీ వడ్డించాను. నవ్వమన్నప్పుడల్లా నవ్వాను. మర్నాడు పొద్దున కొత్తమ్మాయి భయంభయంగా వంటింట్లోకి వచ్చి, "అక్కా, నేనేం చెయ్యను?" అంది. తరగమని వంకాయలిచ్చాను. తీసుకెళ్ళి తిన్నగా ఆ కిటికీ దగ్గర కూర్చుంది. ఎవరూ చూపించలేదు, వెలుతురుందని కూర్చుంది. నేను పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు ఉత్తినే నిలబడ్డాను. ఆ పిల్ల గయ్యాళిదైతే నాకు హాయిగా ఉండేది. మంచిపిల్ల. అదే వచ్చిన చిక్కు.

వచ్చే శనివారం బస్సుకి వస్తున్నాను. ఈసారి ఎవర్నీ అడగలేదు, వెళ్తున్నానని చెప్పానంతే. నువ్వు రోడ్డు దాకా రావద్దు. దారి నేనే కనుక్కుంటాను.

అక్క


కళ్ళద్దాల షాపు, వెనక గది
గురువారం

సోడాబుడ్డీ,

క్షేమంగా చేరాను. మెడ వెనక తోలు ఊడుతోంది. "ఏమిటా కమిలిపోవడం" అని అత్తయ్య అడిగితే "ఎండ" అన్నాను.

నీకు అక్కడ చెప్పలేని సంగతి ఒకటుంది. నీళ్ళలో నువ్వు నా చెయ్యి పట్టుకుని అదిగో ఇదిగో అని వేలు చూపిస్తుంటే నేను తల ఊపుతూనే ఉన్నాను. నేను చూసింది చేపల్ని కాదు. తల లోపల పెట్టగానే నాకు ముందు కనపడినవి నీ కాళ్ళు. ఒడ్డున ఆ వదులు బట్టల్లో తెలియలేదు. నీళ్ళలో రెండు చీపురుపుల్లల్లా ఆడుతున్నాయి. ఈ పిల్ల తిండి తినడం లేదు, నాకు రాసేవన్నీ కబుర్లే అనుకున్నాను. నాకు అరువు తెచ్చిన మాస్కులోకి నీళ్ళు వచ్చాయని నేను గబుక్కున లేస్తే నువ్వు పట్టీ బిగించావు, గుర్తుందా? అవి సముద్రం నీళ్ళు కావు.

ఇంకొకటి. మొదటిరోజు నీ వెనకాల నీళ్ళలో నడుస్తూ, ఎంత దూరం వచ్చినా నడుం దాటడం లేదేమిటని, "మునగాలన్నా ఇక్కడ చోటు లేదే" అని హాస్యమాడాను. నువ్వు నవ్వలేదు. మొహం అటు తిప్పుకున్నావు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ తిప్పుకున్న మొహమే కనపడింది. ఈత రాని మనిషివి. రెండడుగుల దూరం కనపడని కళ్ళు. అన్ని ఊళ్ళుండగా సముద్రం దగ్గరికే ఎందుకెళ్ళావు?

నాకు చెప్పాలి నువ్వు.

అక్క


గెస్ట్‌హౌస్, బట్టలుతికే గది
బుధవారం

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. షాపులోనే చదువు, ఇంటికి తీసుకెళ్ళకు.

ఈత కోసం రాలేదు. ఫలానా పని కోసమని అనుకుని వచ్చానని కూడా చెప్పలేను. ఆయన నాతో మాట్లాడటం మానేసిన ఇంట్లో నువ్వైనా ఉండేదానివి. ఇక్కడికొచ్చాక అదీ లేదు. ఒకరోజు పొద్దున చెప్పులు ఒడ్డున విడిచి, కళ్ళజోడు తీసి వాటిలో పెట్టి, నీళ్ళలోకి నడిచాను. మోకాళ్ళ దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి. ఇంకా నడిచాను. నడుమే. ఎంత పోయినా నడుమే. వెనక్కి చూస్తే గెస్ట్‌హౌస్ మసకలో తెల్లటి చుక్కలా ఉంది. దిబ్బ అవతల హోరు వినపడుతోంది గానీ అంతదూరం నడిచే ఓపిక లేదు. అక్కడే నిలబడిపోయాను. సిగ్గేసింది. ఇది కూడా సరిగ్గా చేతకాలేదే అనిపించింది. నవ్వొచ్చింది, ఆ నవ్వు ఏడుపులోకి దిగింది.

అంతలో ఒక పెద్దావిడ ఈదుకుంటూ వచ్చి నా పక్కన లేచి నిలబడింది. గెస్ట్‌హౌస్‌లో దిగినావిడే. నేను వంగి నీళ్ళలోకి చూస్తున్నాననుకుంది. "పైనుంచి చూస్తే ఏం కనపడుతుందమ్మా, ఇది పెట్టుకో" అని తన మాస్కు తీసి నా మొహానికి తగిలించింది. కాదనే లోపలే తల వంచింది. నాకేమీ కనపడలేదు. పసుపూ నీలమూ కలిసిపోయిన మరకలు. అందులో ఒక మరక కదిలింది. "చూశావా, చూశావా" అని ఆవిడ నా భుజం తడుతోంది. చూశానని అబద్ధం చెప్పాను. ఎంత సంతోషపడిపోయిందో. మాస్కు నువ్వే ఉంచుకో అని ఇచ్చేసి మర్నాడు గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. నేను ఆవిడకి థాంక్స్ కూడా చెప్పలేదు. ఆవిడ దుప్పటి ఉతికాను, అంతే.

ఆ కదిలిందేమిటో చూడాలనిపించింది అక్కా. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ ఆలోచన లేదు. అన్నం కూడా తింటున్నాను, ఓనరమ్మని అడుగు కావాలంటే. కానీ సాయంత్రాలు మాత్రం పొడుగు. నువ్వు వెళ్ళాక ఇంకా పొడుగయ్యాయి.

నీ చెల్లెలు


కళ్ళద్దాల షాపు, వెనక గది
మంగళవారం

చెల్లీ,

నువ్వు చెప్పినట్టు షాపులోనే చదివాను. చదివినంతసేపూ అద్దాలు అరగదీసే మిషను ఆపలేదు, ముందు గదిలోకి నా ఏడుపు వినపడకూడదని. ఎవరి అద్దమో పాపం, అరిగి అరిగి కాగితమైపోయింది.

నిన్ను తిట్టాలని చాలా ఉంది. తర్వాత తిడతాను. ఒక్కటి విను. ఆ ఆలోచన మళ్ళీ వస్తే ఉత్తరం రాస్తూ కూర్చోకు. రోడ్డు మీదికెళ్ళి ఫోను చెయ్యి. ఏ వేళయినా సరే, ఇంట్లో ఎవరెత్తినా సరే, అక్కని పిలవమను. ఓనరమ్మకి కూడా ఈ సంగతి చెప్పు. ఆవిడ మంచిదే, చూశానుగా. చెప్పావో లేదో నేను అడుగుతాను.

ఆదివారం భోజనాల దగ్గర అందరూ ఉండగానే చెప్పాను, ఇకనుంచీ అప్పుడప్పుడూ సముద్రం దగ్గరికి వెళ్ళొస్తుంటానని. "ఎవరున్నారక్కడ?" అంది అత్తయ్య. తెలిసే అడిగింది. "నా మనిషి ఉంది" అన్నాను. మరిది కంచంలోంచి తల ఎత్తలేదు. మీ బావగారు మంచినీళ్ళ గ్లాసు నావైపు జరిపారు. కాసేపటికి కొత్తమ్మాయి లేచి, నేను అడక్కుండానే, నా కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

షాపు వెనక వీధిలో ఈతకొలను ఒకటుంది. ఇన్నేళ్ళుగా దాని ముందునుంచే నడుస్తున్నాను. అందులో చేరాను. పొద్దున్నే ఆడవాళ్ళ క్లాసు. ఆడవాళ్ళంటే అందరూ నా నడుం దాకా వచ్చే పిల్లలే, వాళ్ళ మధ్య నేనొక్కదాన్నీ తాటిచెట్టులా. నేర్పించే ఆవిడ ఈల వేసి, "అమ్మా, మీరు ఆ కడ్డీ వదలాలి" అని అరుస్తుంది. పిల్లలు నవ్వుతారు. వారమంతా గట్టునున్న ఆ కడ్డీ పట్టుకునే ఉన్నాను. ఇవాళ వదిలాను. మునిగాను. నీళ్ళు మింగాను. ముక్కులోకి, చెవుల్లోకి ఎక్కాయి. ఒక పిల్ల నా జబ్బ పట్టుకుని లాగింది.

నువ్వు పొద్దున అక్కడ దిగే వేళకే నేనిక్కడ దిగుతాను. ఆ నీళ్ళకీ ఈ నీళ్ళకీ ఏ సంబంధమూ లేదు, నాకు తెలుసు. మధ్యలో ఒక రోజు బస్సు ప్రయాణమంత నేల ఉంది. అయినా రేపు మళ్ళీ కడ్డీ వదులుతాను.

అక్క